కారు ఏసీ కంపు కొడుతోందా? కొత్త ఫిల్టర్ ఆఖర్న పెట్టండి

ఏసీ ఆన్ చేయగానే గుప్పుమని ఒక వాసన. తడిసిన సాక్సులు సంచిలో మూటగట్టి వారం తర్వాత విప్పినట్టు. కాసేపటికి తగ్గుతుంది, మర్నాడు మళ్లీ అదే. సీట్ల కింద వెతికినా, డిక్కీ ఖాళీ చేసినా ఏమీ దొరకదు. ఇలాంటప్పుడు చాలామంది ముందు చేసేది డ్యాష్‌బోర్డు మీద ఒక పెర్ఫ్యూమ్ డబ్బా పెట్టడం. దాంతో రెండు వాసనలు కలిసి మూడో కంపు తయారవుతుంది. ఆ తర్వాత ఎవరో చెప్పారని, లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ మారుస్తారు. కొన్నాళ్లు బాగానే ఉంటుంది, తర్వాత కథ మళ్లీ మొదటికి వస్తుంది.

ఫిల్టర్ మార్చడం తప్పు కాదు, మార్చాల్సిందే. కానీ వరస తప్పుతోంది. లోపలి తడి, మురికి అలాగే ఉంచి కొత్త ఫిల్టర్ బిగిస్తే డబ్బు దండగ. ముందు వాసన ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోవాలి. తర్వాత పాత ఫిల్టర్ తీసి, దాని చుట్టుపక్కల శుభ్రం చేసి, లోపలి భాగాలను కడిగి ఆరబెట్టాలి. కొత్తది చిట్టచివర పెట్టాలి. ఇదంతా ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఇంట్లోనే చేసుకోవచ్చు.

గాలి ఏ దారిన వస్తుందో తెలుసుకోండి

బయటి గాలి ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర ఉండే ప్లాస్టిక్ జాలీ గుండా లోపలికి వస్తుంది. అక్కడి నుంచి క్యాబిన్ ఫిల్టర్, గాలిని తోసే ఫ్యాన్ అయిన బ్లోయర్, ఆ తర్వాత ఎవాపొరేటర్ అనే చల్లటి అల్యూమినియం కాయిల్, దాని వెనక ఇంజిన్ వేడి ద్రవంతో గాలిని వెచ్చబరిచే హీటర్ కోర్, చివరికి మీ ముఖం ముందున్న వెంట్లు. కొన్ని కార్లలో బ్లోయర్ ముందు, ఫిల్టర్ తర్వాత ఉంటాయి. ఏది ముందున్నా ఎవాపొరేటర్ మాత్రం ఫిల్టర్ దాటాకే వస్తుంది. రీసర్క్యులేషన్ బటన్ నొక్కితే ఒక మూత కదిలి బయటి దారి మూసుకుంటుంది, క్యాబిన్‌లోని గాలే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. చాలా మోడళ్లలో అది కూడా ఫిల్టర్ గుండానే వెళ్తుంది.

ఎవాపొరేటర్ పని చేస్తున్నంతసేపూ గాలిలోని తేమ దాని సన్నటి రేకుల మీద నీళ్లుగా మారి కిందికి జారుతుంది. ఆ నీళ్లు ఒక రబ్బరు గొట్టం ద్వారా కారు కిందకి పోతాయి. ఏసీ వేసిన కారు నిలబడ్డ చోట కనిపించే చిన్న నీటి మడుగు ఇదే. కారు ఆపేశాక మాత్రం కాయిల్ తడిగానే ఉండిపోతుంది. లోపల చీకటి. చల్లదనం పోయి మెల్లగా వేడెక్కుతుంది. ఫిల్టర్‌ను తప్పించుకుని వచ్చిన దుమ్ము, పుప్పొడి ఆ తడికి అంటుకుని ఉంటాయి. బూజుకూ బ్యాక్టీరియాకూ ఇంతకంటే ఏం కావాలి? రేకుల మీద పాచిలా పొర కడతాయి. మీరు మళ్లీ బ్లోయర్ వేయగానే ఆ వాసన ముందుగా మీ ముక్కుకే తగులుతుంది.

ఇక్కడ ఒక్క విషయం పట్టుకుంటే మిగతాదంతా తేలిక. వాసన పుట్టేది ఫిల్టర్ తర్వాత. ఎంత మంచి ఫిల్టర్ అయినా తన వెనక పుట్టిన వాసనను ఆపలేదు. రీసర్క్యులేషన్‌లో అదే గాలి పదేపదే తిరుగుతుంది కాబట్టి వాసనను పట్టే కార్బన్ పొర ఉన్న ఫిల్టర్ అయితే కొంత పీల్చుకుంటుంది. కొత్త ఫిల్టర్ వేయగానే తగ్గినట్టు అనిపించడానికి అదొక కారణం.

అలాగని ఫిల్టర్‌కు ఏ పాపమూ లేదనీ కాదు. మూసుకుపోయిన ఫిల్టర్ గాలిని తగ్గిస్తుంది, గాలి తగ్గితే కాయిల్ ఆరడం ఆలస్యమవుతుంది. వాన నీళ్లు పడి తడిసిన ఫిల్టర్ అయితే తానే కుళ్లుతుంది.

పనిముట్ల కంటే ముందు ముక్కు

ఏదీ కొనకముందు రెండు మూడు రోజులు వాసనను గమనించండి. ఎప్పుడు వస్తోంది, ఏ బటన్‌తో వస్తోంది, ఎంతసేపు ఉంటోంది అన్నదే అసలైన పరీక్ష.

ఏసీ వేసిన మొదటి నిమిషంలో గుప్పుమని వచ్చి, చల్లబడ్డాక తగ్గిపోతే అది ఎవాపొరేటర్. ఏసీ ఆపేసి ఒట్టి బ్లోయర్ నడిపినప్పుడు కాసేపటికి మళ్లీ పెరిగితే ఇంకా అనుమానం అక్కర్లేదు.

ఏసీ లేకుండా, బయటి గాలి మోడ్‌లో, బ్లోయర్ నడుస్తున్నంతసేపూ మట్టివాసనో కుళ్లిన ఆకుల వాసనో వస్తుంటే ఫిల్టర్‌నూ, ముందు అద్దం కింద జాలీనీ చూడాలి. ఆకులు అక్కడ చేరి, వానకు నాని, చివికిపోతుంటాయి.

బయటి గాలి మోడ్‌లో తగ్గి, రీసర్క్యులేషన్‌లో పెరుగుతుంటే వాసన క్యాబిన్‌లోనే ఉన్నట్టు. కాళ్ల కింద మ్యాట్లు ఎత్తి, కార్పెట్ మీద తెల్లటి టిష్యూ పెట్టి అరచేత్తో గట్టిగా అదమండి. పైకి పొడిగా కనిపించే కార్పెట్ కింద స్పాంజి నిండా నీళ్లుండటం మామూలే. టిష్యూకి అంటినవి మామూలు నీళ్లయితే ఏసీ నీళ్ల గొట్టం మూసుకుపోయి ఉండాలి, లేదా తలుపు రబ్బరు దగ్గర వాన నీళ్లు కారుతుండాలి. జిగటగా, రంగుగా ఉంటే అది కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం.

కూలెంట్ సంగతి విడిగా చెప్పాలి. వెంట్లలోంచి తియ్యటి, కాస్త మత్తు వాసన వస్తూ, ముందు అద్దం లోపలివైపు తుడిచినా పోని జిడ్డు మసక పడుతుంటే హీటర్ కోర్ కారుతోందన్న మాట. కూలెంట్‌లో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం, ఫిల్టర్‌తో దీనికి సంబంధం లేదు. ఇంజిన్ చల్లబడ్డాక కూలెంట్ ట్యాంకులో మట్టం చూడండి, తగ్గుతుంటే నేరుగా మెకానిక్ దగ్గరికి వెళ్లండి.

ఇంకొన్ని వాసనలకు కూడా ఈ పద్ధతి పనికిరాదు. పెట్రోల్ వాసన వస్తే బండి తీయకండి. వైరు కాలిన వాసన వస్తే బ్లోయర్ ఆపేయండి, చాలాసార్లు బ్లోయర్ మోటారో, దాని వేగాన్ని మార్చే రెసిస్టరో వేడెక్కి ఉంటుంది. కుళ్లిన గుడ్డు వాసన ఎగ్జాస్ట్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్ వల్లో, మితిమీరి చార్జ్ అవుతున్న బ్యాటరీ వల్లో రావచ్చు. పొగ గొట్టం వాసన క్యాబిన్‌లోకి వస్తుంటే అద్దాలు దించి, వీలైనంత త్వరగా బండి ఆపి చూపించండి. ఆ పొగతో పాటు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ఏ క్యాబిన్ ఫిల్టరూ దాన్ని ఆపదు. తలనొప్పి, వికారం, నిద్రమత్తు వస్తున్నాయంటే ఆలోచించాల్సిన పని లేదు, కారు దిగిపోండి.

పాత ఫిల్టర్ తీయడం

ఎక్కువ కార్లలో ఇది గ్లోవ్ బాక్స్ వెనక ఉంటుంది. కొన్నిటిలో కాళ్ల దగ్గర, మధ్య కన్సోల్ పక్కన, మరికొన్నిటిలో బానెట్ తెరిచాక వైపర్ల కింద. మీ కారుతో వచ్చిన పుస్తకంలో బొమ్మతో సహా ఉంటుంది. పాత మోడళ్లలో, తక్కువ రకం వేరియంట్లలో ఫిల్టర్ పెట్టే గూడు ఉండి, అందులో ఫిల్టరే లేకపోవచ్చు. అలాంటి కారులో ఎవాపొరేటర్ ఎంత దుమ్ము తిన్నదో ఊహించుకోవచ్చు.

ఇంజిన్ ఆపి, తాళం తీసేయండి. గ్లోవ్ బాక్స్ ఖాళీ చేసి తెరవండి. దాని రెండు పక్క గోడలనూ చేతులతో లోపలికి నొక్కితే ఆపుడు కొక్కేలు జారి, పెట్టె ఇంకా కిందికి వాలుతుంది. ఒక పక్క మెల్లగా తెరుచుకోవడానికి సన్నటి కర్రలాంటి డ్యాంపర్ తగిలించి ఉంటే దాన్ని ముందే ఊడదీయండి. మరిచిపోయి లాగితే విరిగేది అదే. కొన్ని మోడళ్లలో నాలుగైదు స్క్రూలు తీయాలి. పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే ముట్టుకోకండి, అవి ఎయిర్‌బ్యాగ్ వైర్లు.

లోపల పొడవాటి, సన్నటి ప్లాస్టిక్ మూత ఉంటుంది. రెండు చివరల క్లిప్పులు నొక్కి మూత తీస్తే ఫిల్టర్ అంచు కనిపిస్తుంది. లాగేముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. ఫిల్టర్ పక్కన బాణం గుర్తు ఎటు ఉందో అందులో పడాలి, కొత్తది పెట్టేటప్పుడు అదే అక్కరకొస్తుంది. ఇప్పుడు ఫిల్టర్‌ను అడ్డంగా, కుదుపు లేకుండా, మెల్లగా బయటికి లాగండి. విసురుగా లాగితే దాని మీదున్న చెత్తంతా బ్లోయర్‌లోకి రాలుతుంది. ఆ తర్వాత బ్లోయర్ వేసినప్పుడల్లా టకటకమని చప్పుడు. కొన్ని కార్లలో రెండు ఫిల్టర్లు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, ఒకటి రాగానే పని అయిపోయిందనుకోకుండా వేలు పెట్టి చూడండి.

బయటికొచ్చిన ఫిల్టర్ ఏం చెబుతుంది

దీన్ని వెంటనే చెత్తబుట్టలో పడేయకండి. పాత పేపర్ పరిచి, వెలుతుర్లో దాని మీద పెట్టి తీరిగ్గా చూడండి.

మడతల నిండా సమంగా బూడిదరంగు దుమ్ము ఉంటే అది మామూలుగా వాడేసిన ఫిల్టర్, దాని పని అది చేసింది. ఒక మూల మాత్రమే నల్లబడి, మడతలు వంకర తిరిగి, ఎండిన నీటి మరకల గీతలు కనిపిస్తే పైనుంచి నీళ్లు పడుతున్నాయి. అంటే వైపర్ల కింద ఉండే నీటి కాలువ ఆకులతో మూసుకుపోయింది. మడతల మధ్య నల్లటి, ఆకుపచ్చటి చుక్కలుంటే బూజు. అంచులు నలిగి, ఫ్రేముకూ గూటికీ మధ్య వేలు దూరేంత సందుంటే ఇన్నాళ్లూ గాలి ఫిల్టర్ పక్కనుంచి దూరిపోతోందన్న మాట. అలాంటప్పుడు పైకి శుభ్రంగా కనిపించే ఫిల్టర్ కూడా పనికిరానిదే.

ఇక అసలు పరీక్ష. ఫిల్టర్‌ను ఒక ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి మూతి కట్టి, కాసేపు వెచ్చటి చోట ఉంచండి. విప్పి వాసన చూడండి. కారులో వచ్చే వాసన అందులో వస్తే ఫిల్టర్‌కు వాటా ఉన్నట్టే. ఈలోగా ఫిల్టర్ లేకుండానే బ్లోయర్‌ను ఒక నిమిషం తక్కువ స్పీడ్‌లో నడిపి చూడండి. వాసన అలాగే ఉంటే ఎవాపొరేటర్‌ను కడగక తప్పదు. ఫిల్టర్ లేకుండా బండి తిప్పకండి, ఇది ఒక్క నిమిషం పరీక్ష మాత్రమే.

చాలామంది అడిగేది, దీన్ని కడుక్కుని వాడుకోవచ్చా అని. కడగొచ్చు అని దాని మీదే రాసి ఉంటే తప్ప వద్దు. మామూలు ఫిల్టర్ల పీచుకు తయారీలోనే స్థిరవిద్యుత్ ఎక్కించి ఉంటారు. సన్నటి ధూళిని లాగి పట్టుకునేది ఆ విద్యుతే, నీళ్లు తగిలితే అది తగ్గిపోతుంది. పైగా మడతల లోపల పూర్తిగా ఆరదు. కార్బన్ ఫిల్టర్ సంగతి సరేసరి, దానిలో చేరిన వాసన పదార్థాలు నీళ్లకు పోవు. కంప్రెసర్ గాలి కొట్టించడం కూడా అంతే, పైకి దుమ్ము ఎగిరి శుభ్రంగా కనిపిస్తుంది కానీ గాలి తాకిడికి పీచు చిరిగి సన్నటి రంధ్రాలు పడతాయి. మరీ కొత్త ఫిల్టర్ అయి, పైన నాలుగు ఆకులు మాత్రమే పడి ఉంటే నేలకేసి మెల్లగా తట్టి మళ్లీ పెట్టుకోండి. అంతకుమించి దాని మీద శ్రమ వృథా.

గూడు, జాలీ

ఫిల్టర్ ఉన్న గూటిని వాక్యూమ్ క్లీనర్ సన్నటి మూతితో లాగేయండి. తర్వాత కొద్దిగా తడిపి గట్టిగా పిండిన గుడ్డతో నాలుగు గోడలూ తుడవండి. టార్చి వేసి కిందికి చూస్తే బ్లోయర్ చక్రం కనిపించవచ్చు. దాని రెక్కల మీద దుమ్ము దట్టంగా పేరుకుంటే పాత టూత్‌బ్రష్‌తో రాల్చి వాక్యూమ్‌తో లాగండి. నీళ్లు మాత్రం పోయకండి, కిందే మోటారు ఉంటుంది.

బయట బానెట్ ఎత్తి, ముందు అద్దం కింది జాలీ దగ్గర చేరిన ఆకులు, పుల్లలు చేత్తో ఏరేయండి. ఆ కాలువ రెండు చివర్లలోనూ నీళ్లు కిందికి పోయే రంధ్రాలుంటాయి. ఒక మగ్గు నీళ్లు నెమ్మదిగా పోసి చూడండి, చక్రాల వెనకవైపు నుంచి కిందకి కారాలి. నిలిచిపోతే ఆ రంధ్రం మూసుకుపోయినట్టే. చెట్ల కింద బండి పెట్టేవాళ్లు ఈ ఒక్క పని అప్పుడప్పుడూ చేసినా సగం బాధ ఉండదు.

ఏసీ నీళ్లు కిందికి పోతున్నాయా?

ఉక్కగా ఉన్న రోజున ఏసీని పావుగంట, ఇరవై నిమిషాలు నడిపి కారు కింద చూడండి. చుక్కలు చుక్కలుగా నీళ్లు పడుతుండాలి. పడకపోతే, మలుపు తిరిగినప్పుడు డ్యాష్‌బోర్డు వెనక నీళ్లు కదిలిన చప్పుడు వస్తుంటే, కార్పెట్ తడిగా ఉంటే గొట్టం మూసుకుపోయింది. నిలవ నీళ్లు ఉన్నన్నాళ్లూ ఎంత కడిగినా వాసన పోదు, కాబట్టి దీన్ని సరిచేయకుండా ముందుకెళ్లకండి.

ఆ గొట్టం ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే గోడ కింది భాగంలో ఉంటుంది. దగ్గర్లోనే ఎగ్జాస్ట్ పైపు పోతుంటుంది, కాబట్టి ఇంజిన్ పూర్తిగా చల్లబడాలి. ఒట్టి జాకీ మీద ఎత్తిన కారు కిందికి ఎప్పుడూ దూరకండి, స్టాండ్లు లేకపోతే ఈ పని మెకానిక్‌కు వదిలేయండి. గొట్టం మూతి దగ్గర వేలితో మెల్లగా నొక్కి కదిపితే చాలాసార్లు మురికి ముద్ద ఊడి, నల్లటి నీళ్లు బుడబుడా దిగుతాయి. ముఖం పక్కకు పెట్టుకోండి. రాకపోతే మెత్తటి ప్లాస్టిక్ పుల్లను కొద్ది దూరం మాత్రమే పంపి తిప్పండి. ఇనుప తీగ వాడొద్దు, ఎవాపొరేటర్ అక్కడికి దగ్గరే ఉంటుంది. దానికి చిల్లు పడితే ఏసీ గ్యాస్ పోతుంది, డ్యాష్‌బోర్డు విప్పేంత పని పడుతుంది.

ఎవాపొరేటర్ కడగడం

దీనికి ఎవాపొరేటర్ క్లీనర్ ఫోమ్ అని డబ్బాల్లో దొరుకుతుంది, సన్నటి పొడవాటి గొట్టంతో పాటు వస్తుంది. కారు ఏసీకి అని స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి. బ్లీచింగ్ ద్రావణాలు, యాసిడ్లు, బాత్రూమ్ క్లీనర్లు అల్యూమినియంను తినేస్తాయి. వాటి ఆవిరి వెంట్ల గుండా వచ్చేది మీ ఊపిరితిత్తుల్లోకే.

ఫోమ్ ఎక్కణ్ణుంచి కొట్టాలన్నది మీ కారు అమరికను బట్టి ఉంటుంది. ఫిల్టర్ గూటిలోంచి టార్చి వేసి చూస్తే ఎదురుగా సన్నటి వెండి రేకులు కనిపిస్తున్నాయా? అయితే అక్కణ్ణుంచే నేరుగా కొట్టొచ్చు. బ్లోయర్ కనిపిస్తుంటే మాత్రం అక్కడ కొట్టకండి, ఫోమ్ మోటారులోకి దిగుతుంది. అప్పుడు కింద నీళ్ల గొట్టం లోంచి పైకి పంపాలి. కొందరు మెకానిక్‌లు బ్లోయర్ రెసిస్టర్ విప్పి ఆ రంధ్రంలోంచి కొడతారు. అది మంచి దారే కానీ ఆ విప్పడం అలవాటు లేకపోతే వారికే అప్పగించడం మేలు.

ఇంజిన్ ఆపి, తలుపులన్నీ తీసి, కాళ్ల దగ్గర కార్పెట్ మీద పాత తువ్వాలు పరవండి. చేతులకు గ్లవుజులు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. డబ్బాలో మండే గ్యాస్ ఉండవచ్చు కాబట్టి చుట్టుపక్కల నిప్పు, సిగరెట్ ఉండకూడదు. డబ్బాను బాగా ఊపి, గొట్టాన్ని లోపలికి పెట్టి, అటూ ఇటూ, పైకీ కిందికీ కదుపుతూ రేకులంతా కప్పేలా కొట్టండి. డబ్బా మీద రాసినంతసేపు ఆగండి, చాలావాటికి పావుగంట నుంచి అరగంట దాకా ఉంటుంది. ఫోమ్ నెమ్మదిగా కరిగి, మురికిని పట్టుకుని కిందికి దిగుతుంది.

ఈలోగా కారు కింద నీళ్ల గొట్టానికి సూటిగా ఒక తెల్లటి పళ్లెం పెట్టండి. మొదట తెల్లటి నురగ, తర్వాత టీ డికాక్షన్ రంగు నీళ్లు, వాటిలో నల్లటి నలుసులు పడతాయి. ఆ రంగు చూస్తే ఇన్నాళ్లూ ఏం పీల్చారో అర్థమవుతుంది. నీళ్లు మరీ నల్లగా వస్తే రెండోసారి కొట్టండి. అసలేమీ పడకపోతే గొట్టం ఇంకా మూసుకునే ఉంది, ఆగి దాని సంగతి చూడండి. లేకపోతే ఆ ఫోమంతా కార్పెట్ మీదికి వస్తుంది.

డబ్బా నొక్కి కారులో వదిలేస్తే పొగలా వెలువడి, ఏసీ గుండా తిరిగే రకం స్ప్రేలు కూడా ఉన్నాయి. పని తేలిక, తలుపులు మూసేసి బయట నిలబడటమే. పైపై వాసనకు సరిపోతుంది కానీ రేకుల మీద పేరుకున్న మురికిని అది కడగదు. నన్నడిగితే ముందు ఫోమ్, ఆ తర్వాత కావాలనుకుంటే పొగ స్ప్రే.

ఆరబెట్టడంలో ఒక కిటుకు

కడిగాక హీటర్ ఫుల్లుగా పెట్టి కాయిల్‌ను ఆరబెట్టమని అందరూ చెబుతారు. మాట నిజమే కానీ ఎలా పెట్టాలో చెప్పరు. గాలి ముందు ఎవాపొరేటర్ దాటి, తర్వాతే హీటర్ కోర్‌ను చేరుతుంది. బయటి గాలి మోడ్‌లో హీటర్ వేస్తే ఎవాపొరేటర్‌కు తగిలేది బయటి గాలే, వేడి అంతా దాని తర్వాత ఎక్కుతుంది. కాయిల్‌కు వేడి తగలాలంటే ఆ వేడిగాలి మళ్లీ వెనక్కి రావాలి.

అందుకే ముందు ఏసీ బటన్ ఆపి, అద్దాలు మూసి, రీసర్క్యులేషన్ పెట్టి, హీటర్ గరిష్ఠంగా, బ్లోయర్ ఎక్కువ స్పీడ్‌లో ఓ పది నిమిషాలు నడపండి. క్యాబిన్ వేడెక్కి, ఆ వేడిగాలి కాయిల్ గుండా తిరుగుతుంది. తర్వాత తలుపులు బార్లా తీసి, బయటి గాలి మోడ్‌కు మార్చి, ఇంకో పది నిమిషాలు నడపండి. లోపల చేరిన ఆవిరంతా బయటికి పోతుంది. గాలి ముఖానికో కాళ్లకో వచ్చేలా పెట్టుకోండి. ముందు అద్దానికి కొట్టే మోడ్ పెడితే చాలా కార్లలో ఏసీ తనంతట తానే ఆన్ అవుతుంది, ఆటో మోడ్‌దీ అదే తంతు.

ఈ పని ఆరుబయటే చేయాలి. మూసి ఉన్న గ్యారేజీలో ఇంజిన్ నడపడం ప్రాణం మీదికి తెస్తుంది. వేడెక్కే కారులో పిల్లల్ని, పెంపుడు జంతువుల్ని ఉంచకండి, మీరు పక్కనే నిలబడి ఉండండి.

ఇప్పుడు కొత్త ఫిల్టర్

అంతా ఆరి, బ్లోయర్ గాలిలో వాసన లేదని తేలాకే కొత్త ఫిల్టర్ ప్యాకెట్ విప్పండి. ఫోమ్ కొట్టే ముందే పెట్టేస్తే ఆ తడీ ఆ మందు వాసనా అదే పీల్చుకుంటుంది.

తెల్లగా ఉండే మామూలు ఫిల్టర్ దుమ్మును, పుప్పొడిని ఆపుతుంది, వాసనను ఆపదు. బూడిదరంగులో, కాస్త బరువుగా ఉండేది యాక్టివేటెడ్ కార్బన్‌ది. యాక్టివేటెడ్ కార్బన్ నిండా కంటికి కనిపించని రంధ్రాలు. ఒక గ్రాములో ఉండే లోపలి ఉపరితలం అంతా పరిస్తే 500 చదరపు మీటర్లకు పైనే ఉంటుంది. వాసన కలిగించే వాయువుల అణువులు ఆ గోడలకు అతుక్కుంటాయి. గోడలు నిండిపోయాక కార్బన్ ఉన్నా లేనట్టే. ముందున్న లారీ పొగ, రోడ్డు పక్క మురుగు కంపు లాంటి బయటి వాసనలతోనే మీ బాధ అయితే కార్బన్ రకానికి కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు. లోపల ఘాటైన పెర్ఫ్యూమ్‌లు వాడితే ఆ ఆవిర్లు కూడా కార్బన్‌లోనే చేరి దాని ఆయుష్షును తినేస్తాయి.

రకం ఏదైనా కొలత ముఖ్యం. పాతదాని పక్కన పెట్టి పొడవు, వెడల్పు, మందం మూడూ సరిచూడండి. మీ మోడల్ పేరు ఒకటే అయినా తయారైన సంవత్సరాన్ని బట్టి కొలత మారవచ్చు. ఫొటోలో చూసుకుని బాణం అదే దిక్కులో ఉండేలా పెట్టండి. బాణం గాలి పోయే వైపును చూపిస్తుంది, పైకి అని అర్థం కాదు. గూటిలో బిగుతుగా, వంగకుండా కూర్చోవాలి. మూత రెండు వైపులా టక్కుమని చప్పుడయ్యేదాకా నొక్కండి. మూత సరిగ్గా పడకపోతే ఈలలాంటి చప్పుడు వస్తుంది, దుమ్ము గాలి దొడ్డిదారిన దూరుతుంది. మార్చిన తేదీ, కిలోమీటర్లు ఫ్రేము మీదే పెన్నుతో రాసిపెట్టుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

సాధారణంగా 15,000 నుంచి 20,000 కిలోమీటర్లకు గానీ ఏడాదికి గానీ, ఏది ముందైతే అప్పుడు మార్చమంటారు. మీ కారు పుస్తకంలో రాసిందే కొలమానం. దుమ్ము రోడ్ల మీద తిరిగితే అందులో సగానికే మూసుకుపోవచ్చు.

ఎలుక దూరితే

వాసన ముక్కిపోయినట్టు కాకుండా, రోజురోజుకూ పెరిగే శవం కంపులా ఉంటే ఎక్కడో ఎలుక చచ్చి ఉంటుంది. ఘాటైన అమోనియా వాసన అయితే బతికి ఉండి కాపురం పెట్టింది. ఫిల్టర్ మీద మెత్తటి కాగితం ముక్కలు, సీటు స్పాంజి, గింజల పొట్టు కనిపిస్తే అనుమానం తీరినట్టే.

ఇక్కడ తొందర పనికిరాదు. ఎలుక మూత్రం, పెంటికల వల్ల లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులు అంటుకుంటాయి. బ్లోయర్ అసలు వేయకండి, పొడిగా ఊడ్చకండి, వాక్యూమ్ పెట్టకండి. ఇవన్నీ ఆ ధూళిని గాలిలోకి లేపుతాయి. తలుపులన్నీ తీసి కాసేపు గాలి ఆడనివ్వండి. రబ్బరు గ్లవుజులు, మాస్కు వేసుకుని, క్రిమిసంహారక ద్రావణంతో ఆ చెత్తను బాగా తడిపి, కనీసం 5 నిమిషాలు ఆగి, తడి కాగితంతో ఎత్తి రెండు కవర్లలో మూటకట్టండి. తర్వాత గూడంతా అదే ద్రావణంతో తుడవండి. ద్రావణం ఎవాపొరేటర్ వైపు పోకుండా గుడ్డకు రాసి తుడవడమే తప్ప చిమ్మకండి. కొరికిన వైర్లేమైనా ఉన్నాయేమో చూడండి. బ్లోయర్ లోపల, డక్టుల్లో చచ్చిందని తేలితే విప్పడం మెకానిక్ పని.

మళ్లీ రాకుండా

దిగాల్సిన చోటు ఇంకో మూడు నాలుగు నిమిషాల్లో ఉందనగా ఏసీ బటన్ మాత్రం ఆపండి, బ్లోయర్ నడవనివ్వండి. రీసర్క్యులేషన్ తీసేసి బయటి గాలి పెట్టండి. కాయిల్ మీది నీళ్లు చాలావరకు ఆరిపోతాయి. ఒక పైసా ఖర్చు లేదు, ఇంతకంటే బాగా పనిచేసే మందూ లేదు. మొదట్లో గుర్తుండదు, అలవాటైతే చేయి తనంతట తానే వెళ్తుంది. కొన్ని కొత్త కార్లలో బండి ఆపాక బ్లోయర్ తానే కాసేపు తిరిగి ఆరబెట్టే ఏర్పాటుంటుంది. సెట్టింగ్స్‌లో ఉందేమో చూసి ఆన్ చేసుకోండి.

దూర ప్రయాణాల్లో రీసర్క్యులేషన్ గంటల తరబడి అలాగే ఉంచకండి. నలుగురు కూర్చున్న కారులో తేమా, కార్బన్ డయాక్సైడూ పెరిగి డ్రైవర్‌కు కునుకు వస్తుంది. మధ్యమధ్యలో బయటి గాలి రానివ్వండి. వానలో తడిసిన గొడుగులు, బూట్లు, మ్యాట్లు రాత్రంతా కారులో వదలొద్దు. తడిసిన కార్పెట్ ఉంటే సీటు జరిపి, అంచు ఎత్తి, కింద స్పాంజికి గాలి తగిలేలా ఆరబెట్టాలి. పైపైన ఎండలో పెట్టినంత మాత్రాన అది ఆరదు.

ఇన్నీ చేశాక కూడా ఏసీ వేసిన మొదటి నిమిషంలో వాసన వస్తుంటే ఎవాపొరేటర్‌ను బయటికి తీసి కడగాల్సి రావచ్చు. చాలా కార్లలో అందుకోసం డ్యాష్‌బోర్డు విప్పాలి, ఏసీ గ్యాస్ తీసి మళ్లీ నింపాలి, అంటే పెద్ద పనే. ఒప్పుకునే ముందు, ఫిల్టర్ గూటిలోంచో రెసిస్టర్ రంధ్రంలోంచో సన్నటి కెమెరా పెట్టి కాయిల్ ఎలా ఉందో చూపించమని మెకానిక్‌ను అడగండి. రేకుల మధ్య మురికి అట్ట కట్టినట్టు కనిపిస్తే విప్పించండి. శుభ్రంగా ఉంటే వాసన వేరే చోట ఉంది, టిష్యూ పట్టుకుని మళ్లీ కార్పెట్ దగ్గరికి వెళ్లండి.